నీటిలో పూచిన పూవు

చీనా దేశీయుల యిండ్లలో నూతన సంవత్సరము సమీపించునప్పుడు, పళ్లెములో గులకరాళ్లు పేర్చి, నీరు పోసి, వాని నడుమ ఒక దుంపను నిలుపుదురు. మన్ను సోకకయే అది మొలకెత్తి, పరిమళించు తెల్లని పూవులు పూచును. ఆ పూవు పేరునే ‘సుయ్ సిన్ ఫార్’ అని కలము పేరుగా ధరించిన ఎడిత్ మాడ్ ఈటన్ జీవితము, రెండు జాతుల నడుమ పుట్టి, పుట్టిన గడ్డను విడిచిపోయినవారి మనస్సును మనకు తేటపఱచును.

ఆమె 1865లో, పట్టు పరిశ్రమకు పేరొందిన ఇంగ్లాండులోని మాకిల్స్‌ఫీల్డు పట్టణమున, ఆంగ్లేయుడైన తండ్రికిని చీనా వనితయైన తల్లికిని జన్మించెను. నాలుగేండ్ల ప్రాయమున, ఈ పిల్ల తల్లి చీనాదని దాది మఱియొకతెతో చెప్పగా, ఆ రెండవ యామె తన్ను ఆపాదమస్తకము వింతగా చూచిన చూపే, తాను అందఱివంటి బిడ్డ కానని ఆమెకు తొలిసారి తెలిపినది. కుటుంబము సముద్రము దాటి, తుదకు కెనడాలోని మాంట్రియల్ నగరమున స్థిరపడెను. క్రొత్త ఖండమునను వీధి పిల్లలు గేలిచేయగా, అన్నతో కూడి ఆమె వారిపై తిరుగబడెను. అయినను, ఒక అంగడిలో చీనా పురుషులను తొలిసారి చూచినప్పుడు ఆమెయే జంకెను; తల్లి జాతిని తల్లియందే తప్ప మఱెక్కడను ఎఱుగని ఆ బిడ్డకు లోకము చూపే తన చూపైనది.

ఆ చూపును మార్చుకొనుటయే ఆమె జీవితకాలపు సాధన. 1885 నుండి కెనడా ప్రభుత్వము చీనా వలసదారులపై తలకు 50 డాలర్ల పన్ను విధించెను. దానిని 500 చేయవలెనను ప్రయత్నమును 1896లో ఆమె పత్రికాముఖమున ఖండించెను. 1903లో అది 500 కానే అయ్యెను.

పెద్దదైన పిదప, ముఖమును బట్టి ఆమెను చీనా సంతతిగా సాధారణముగా ఎవ్వరును గుర్తింపలేకుండిరి. చెల్లెలు విన్నిఫ్రెడ్, జపాను దేశమునకు పాశ్చాత్యులలో మన్నన గల ఆ దినములలో, ఒనోటో వటన్నా అను జపాను పేరుతో నవలలు వ్రాసెను. ద్వేషము నిండిన లోకమున ఆమె వెదకికొనిన త్రోవ అది, నిందింపదగదు. ఎడిత్ మాత్రము, ఒకనాడు భోజనపు బల్లయొద్ద, తాను కొలువుచేయుచున్న యజమాని చీనావారు మనవంటి మనుష్యులని నమ్మజాలనని పలుకగా, మౌనముననే క్షేమమున్నదని యెఱిగియు, తాను చీనా వనితనని ప్రకటించెను.

1912లో ఆమె కథల సంపుటి వెలువడెను. 1914లో మాంట్రియల్ నగరముననే ఆమె కన్నుమూసెను. ఆమె సమాధిపై చీనావారు నిలిపిన శిలమీద, ధర్మము తప్పక చీనాను మఱవనిది యను భావము గల నాలుగు అక్షరములు, తల్లి భాషలో, నేటికిని నిలిచియున్నవి.