ఉజ్జీవం ఆలస్యమైందా? ఒంగోలు ఇచ్చిన జవాబు

శుక్రవారం వచ్చిందంటే ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లోని చిన్న సంఘాల్లో ఉపవాస ప్రార్థనలు మొదలవుతాయి. అద్దె హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కీబోర్డు, మైకు. పొద్దుటి నుంచి ఏమీ ముట్టని అమ్మలు మోకరించి, మా కాలనీలో ఉజ్జీవం రావాలి ప్రభువా అని కన్నీళ్లతో వేడుకుంటారు. ఏళ్లు గడిచినా కూటంలో అవే ముఖాలు కనిపిస్తుంటే మనసులో ఒక సందేహం తొలుస్తుంది. దేవుడు వింటున్నాడా? లేక మా ప్రార్థనలోనే లోపముందా?

మనకంటే ముందు తరాలవాళ్లూ ఈ బాధ పడ్డారు. ఒంగోలు చరిత్రే అందుకు సాక్ష్యం.

1836లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ తెలుగు నేలకు వచ్చారు. 1840 నుంచి నెల్లూరు కేంద్రంగా సేవ చేశారు. మారినవాళ్లు బహు కొద్దిమంది. 1853లో అమెరికాలోని పెద్దలు ఈ మిషనును మూసేద్దామా అని చర్చ పెట్టారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున అదే మిషనుకు చెందిన లైమన్ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కారు. ఆ ఊరికి ఒక సేవకుణ్ని పంపమని అయిదుగురూ ప్రార్థించారు. ఆ సేవకుడిగా మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. అంటే ఆ ఒక్క మనవికే పన్నెండేళ్లు పట్టింది.

ఆ తర్వాతైనా అంతా అనుకున్నట్టు జరగలేదు. క్లౌ దొర బడికి మొదట పై కులాల పిల్లలు వచ్చారు. ఇంతలో తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య విశ్వాసంలోకి వచ్చాడు, ఆయన వెంట మాదిగలు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం ఉండమన్నారు పై కులాలవాళ్లు. క్లౌ దంపతులు లేఖనం తెరిచి ఆలోచించి, వచ్చినవాళ్లనే చేర్చుకున్నారు. బడి ఖాళీ అయింది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

1876లో కరువు వచ్చింది. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి చూపించాడు. కూలి ముట్టాక జనం బోధకుల మాట వినేవారు, బాప్తిస్మం ఇమ్మని అడిగేవారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట ఎవరూ అనకూడదని ఏడాదికి పైగా ఆపేశాడు. కరువు సాయం ముగిశాకే అంగీకరించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. తొలి విత్తనం వేసిన శామ్యూల్ డే దీన్ని చూడలేదు. 1871లోనే కన్నుమూశారు.

దేవుని సమయం కోసం కనిపెట్టడమంటే ఏమిటో ఈ కథలో ఉంది. కొండమీది ప్రార్థనకూ నదిలోని బాప్తిస్మాలకూ మధ్య 24 ఏళ్లు. ఆ ఏళ్లలో బోధకులు తయారయ్యారు, పల్లెలు తిరిగారు, ఎవరిని చేర్చుకోవాలన్న పరీక్షను సంఘం ఎదుర్కొంది. జనం తోసుకొచ్చిన రోజున ఆగడం కూడా విశ్వాసమే అయింది. కనిపెట్టడంలో పని ఉంది, నిజాయితీ ఉంది, కొన్నిసార్లు ఫలితం చూడకుండానే వెళ్లిపోవడమూ ఉంది.

కాబట్టి శుక్రవారం ప్రార్థన మానకండి, హాజరు లెక్క చూసి దేవుణ్ని కొలవకండి. దానితోపాటు సంఘంగా మనకు మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో కోచింగ్ కోసం ఉంటున్న కుర్రాడో, ఇళ్లలో పనిచేసే అమ్మాయో, మన కులం కాని కుటుంబమో రేపు గుమ్మంలోకి వస్తే, పక్కన కూర్చోబెట్టుకుని కలిసి భోంచేయడానికి మనం సిద్ధమేనా? ఉజ్జీవం ఎప్పుడు పంపాలో దేవునికి తెలుసు. వచ్చినవాళ్లకు చోటివ్వడం మాత్రం ఈ శుక్రవారం నుంచే మనం చేయగలిగిన పని.