నిన్న లేని బాధ నేడెందుకు?

ఇవాళ చెప్పబోయే విషయంలో నా తప్పు కూడా ఒకటి వుంది. ముందు అదే చెప్పేస్తాను.

మా ఆడపడుచు కాపురం రేపల్లెలో. ఆమెకు ఏడేళ్ల కొడుకు. వాడికి ఆటిజం వుందని డాక్టర్లు చెప్పారు. ఆ మధ్య బాపట్లలో మా బంధువుల ఇంట పెళ్లయింది. నేను ముందు రోజే తెనాలి నుంచి రేపల్లె వెళ్లి, వాళ్లను వెంటబెట్టుకు బయలుదేరాను. రైల్లో వాడి హుషారు చూడాలి! కిటికీ చువ్వలకు చెవి ఆనించి, చక్రాల మోత వింటూ ఒకటే నవ్వు. తెనాలిలో రైలు మారి సాయంత్రానికి బాపట్ల చేరాం. రాత్రి ముహూర్తం. గట్టిమేళం మోగేసరికి వాడు రెండు చెవులూ మూసుకుని, నేల మీద పడి, గుక్కపట్టి ఏడ్చాడు.

నేను పదిమందిలో అనేశాను: "అంత రైలు మోతకు నవ్వినవాడికి డోలూ సన్నాయీ ఏం చేశాయి? అంతా నీ గారాబం!" మా ఆడపడుచు జవాబు చెప్పలేదు. పిల్లవాణ్ణి భుజాన వేసుకుని విడిది ఇంటి పెరట్లోకి వెళ్లిపోయింది. తలంబ్రాలు చూడనే లేదు.

మర్నాడు నెమ్మదిగా అంది: "వదినా, రైలు మోత వాడు కోరుకున్నది. మేళం వాడి మీద వచ్చి పడింది." ఆ మాట నాకు మనసులో ముల్లులా వుండిపోయింది. ఆ తర్వాత తెలిసినవాళ్లను అడిగి, చదివి తెలుసుకున్నది మీకు మనవి చేస్తున్నాను.

అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 1943లో 11 మంది పిల్లల గురించి వ్రాస్తూ ఆటిజాన్ని వివరించారు. పెద్ద చప్పుళ్లకు బెదిరిపోయే పిల్లలే తమంతట తాము అంత చప్పుడూ చేసి ఆనందించడం ఆయన అప్పుడే గమనించారు. శబ్దం, వెలుగు, వాసన, రుచి, స్పర్శ — వీటికి మరీ ఎక్కువగా గానీ మరీ తక్కువగా గానీ స్పందించడాన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ఆటిజం లక్షణాల జాబితాలో చేర్చింది.

ఇది ఎలా జరుగుతుందంటారా? మనం పొద్దున చీర కట్టుకుంటాం. కాసేపటికి ఒంటి మీద చీర వున్నదన్న ధ్యాసే వుండదు. ఫ్యాను చప్పుడూ అంతే. పదే పదే వచ్చే కబురును మెదడు పక్కన పెట్టేస్తుంది. ఆటిజం వున్న చాలామంది పిల్లల్లో ఈ పక్కన పెట్టే పని సరిగా సాగదు. చొక్కా మెడ వెనక లేబులు పొద్దుటి నుంచి రాత్రిదాకా గుచ్చుతూనే వుంటుంది.

ఇప్పుడు ఆ రోజు ప్రయాణం మళ్లీ లెక్క వేసి చూడండి. తెల్లవారుజామున నిద్ర లేపాం. తెనాలి ప్లాట్‌ఫారం మీద రెండు గంటలు జనంలో, ఎండలో కూర్చోబెట్టాం. బాపట్లలో గంజి పెట్టిన కొత్త బట్టలు తొడిగాం. సెంట్లు, మల్లెపూలు, మెరిసే లైట్లు, బుగ్గలు గిల్లే చుట్టాలు. అన్నం వేళ దాటిపోయింది. బిందె అప్పటికే అంచుదాకా నిండి వుంది. మేళం చివరి చెంబు నీళ్లు, అంతే. అదే మేళం నిద్రపోయి లేచిన పొద్దున వినిపిస్తే వాడు వూరుకునేవాడేమో! అందుకే "నిన్న లేని బాధ నేడెందుకు?" అని ఆ పిల్లల్ని నిలదీయకూడదు సుమండీ.

ఏళ్లు గడిచేకొద్దీ కూడా మార్పులు వస్తాయి. సూర్యలంక సముద్రం దగ్గర నాలుగేళ్లప్పుడు ఇసుకలో దొర్లిన ఈ పిల్లవాడే, ఆరేళ్లకు కాలు కింద పెట్టనన్నాడు. ఒకప్పుడు పారిపోయిన తలంటుకు ఇప్పుడు తానే వచ్చి కూర్చుంటాడు. ఇంకో చిత్రం చూడండి. కుక్కర్ విజిల్‌కు వణికే పిల్లవాడే వేడి గిన్నె పట్టుకుని కూడా చెప్పకపోవచ్చు. కనుక దెబ్బలు, బొబ్బలు మనమే చూసుకోవాలి.

ఒక హెచ్చరిక. ఉన్నట్టుండి మార్పు వస్తే, చెవిపోటో, పంటినొప్పో, మలబద్ధకమో వుందేమో ముందు డాక్టరుకు చూపించండి. నోటితో చెప్పలేని పిల్లలు ఇలాగే చెబుతారు. పిలిస్తే పలకని పిల్లలకు వినికిడి పరీక్ష తప్పనిసరి.

ఇంట్లో మనం చేయగలిగినవి కొన్ని వున్నాయి. పాల లెక్క వ్రాసుకునే క్యాలెండరు మీదే, ఏ రోజు దేనికి బాధపడ్డాడో, ముందు రాత్రి నిద్ర ఎంతో, తిండి ఏమిటో వ్రాయండి. నెల తిరిగేసరికి మీకే దారి కనిపిస్తుంది. మిక్సీ వేసేముందు చెప్పండి. వీలైతే స్విచ్చి వాడి చేతే వేయించండి. తాను చేసిన చప్పుడంటే భయం తక్కువ. పెళ్లిళ్లలో ఒక నిశ్శబ్దమైన గది ముందే చూసుకోండి. చప్పుడు తగ్గించే ఇయర్‌మఫ్‌లు అవసరమైన వేళ పెట్టండి, రోజంతా వద్దు. "అలవాటవుతుందిలే" అని బలవంతంగా కూర్చోబెట్టడం మాత్రం ఎన్నడూ వద్దు.

సలహాకు మండలాల్లోని భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాదులో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ వుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా చేరింది.

మొన్న మా ఇంట్లోనే పెళ్లి జరిగింది. గట్టిమేళానికి ముందు నాకు సైగ చేయమని మేళంవాళ్లకు చెప్పి వుంచాను. సైగ రాగానే పిల్లవాణ్ణి నేనే పెరట్లోకి తీసుకెళ్లాను. మా ఆడపడుచు ఈసారి తలంబ్రాలు కళ్లారా చూసింది. మీ చుట్టాల్లోనూ ఇలాంటి తల్లి వుంటే, సలహా చెప్పేముందు ఆమె బిడ్డను ఒక గంట ఎత్తుకోండి.

సెలవు.