మోటారు సైకిలు వెనుక మడ్‌గార్డు

మోటారు సైకిలు వెనుక చక్రాన్ని పైనుండి కప్పి ఉంచే వంపు తిరిగిన రేకు లేదా ప్లాస్టిక్ భాగాన్ని వెనుక మడ్‌గార్డు అంటారు. చక్రం చిమ్మే బురద, నీరు, గులకరాళ్ళు ఇతరులపై పడకుండా ఇది అడ్డుకుంటుంది. చాలా వాహనాలలో వెనుక దీపం, ఇండికేటర్లు, నంబరు ప్లేటు కూడా దీనికే బిగించి ఉంటాయి. అందువలన దీనిని ఇంటివద్ద విప్పడం సులభమే అయినా, తిరిగి బిగించడంలో ఎక్కువ శ్రద్ధ అవసరం.

విప్పవలసిన సందర్భాలు

రేకు మడ్‌గార్డు లోపలి అంచు మడతలో బురద చేరి తేమ నిలుస్తుంది. తుప్పు అక్కడే మొదలవుతుంది. పైకి కనిపించేసరికి లోపలి రేకు చాలావరకు పాడై ఉంటుంది. కాకినాడ, విశాఖపట్నం వంటి తీర పట్టణాలలో ఉప్పుగాలి దీనికి తోడవుతుంది. తుప్పు గీకి రంగు వేయడానికి, సొట్ట తీయడానికి, కొత్తది అమర్చడానికి మడ్‌గార్డును విప్పుతారు.

విప్పే విధానం

1. బండిని సెంటర్ స్టాండుపై నిలిపి, ఇంజను, సైలెన్సరు చల్లారనివ్వాలి. సీటు తీసి, మొదట బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పాలి.
2. దీపాల తీగల రంగులు, అవి కలిసే చోట్లు రాసుకోవాలి. తీగను లాగకుండా కనెక్టరును పట్టి ఊడదీయాలి.
3. భారతదేశంలో 2019 ఏప్రిల్ 1 నుండి కొత్త వాహనాలకు తప్పనిసరి అయిన హై సెక్యూరిటీ నంబరు ప్లేటు స్నాప్ లాకులు ఒకసారి తీస్తే తిరిగి పనికిరావు. కనుక ప్లేటును విడదీయక, దాని పట్టీతో సహా తీయాలి.
4. తుప్పు పట్టిన బోల్టులకు నూనె వేసి, కొంతసేపు ఆగి, సరిపోయే పానాతో విప్పాలి. చివరి బోల్టు తీసేటప్పుడు మడ్‌గార్డును పట్టుకోవాలి. కొన్ని మోడళ్ళలో వెనుక చక్రం కూడా తీయవలసి వస్తుంది.

తిరిగి బిగించే విధానం

బోల్టులన్నిటినీ మొదట చేతితో రెండు మూడు చుట్లు తిప్పి, ఆ తరువాతే పానాతో బిగించాలి. ఒకదానిని ముందే గట్టిగా బిగిస్తే మిగిలిన రంధ్రాలు కలవవు. రబ్బరు బుష్షులు, వాషర్లు వదిలివేస్తే కుదుపులకు రేకు రంధ్రాల వద్ద చీలుతుంది. తీగలు టైరుకు రాసుకోకుండా వాటి క్లిప్పులలో అమర్చాలి. సీటుపై ఇద్దరు కూర్చుని అదిమినప్పుడు కూడా టైరుకు, మడ్‌గార్డుకు మధ్య ఖాళీ ఉండాలి. బ్యాటరీ తీగ కలిపిన తరువాత వెనుక దీపాన్ని, ఇండికేటర్లను, నంబరు ప్లేటు దీపాన్ని పరీక్షించాలి. ముందు, వెనుక బ్రేకులను విడివిడిగా నొక్కి బ్రేకు దీపం వెలుగుతున్నదీ లేనిదీ చూడాలి.

చీర గార్డు

ఈ పనిలో కొన్ని బండ్లకు పక్కనున్న చీర గార్డును కూడా తీయవలసి వస్తుంది. పని ముగిశాక దానిని తిరిగి బిగించడం మరువరాదు. వెనుక కూర్చున్నవారి దుస్తులు చిక్కుకోకుండా, వెనుక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 123వ నియమం చెబుతుంది. చీర కొంగు లేదా చున్నీ చక్రపు పుల్లలలో చుట్టుకుంటే ప్రాణాపాయం కలుగుతుంది.