స్కూబా కార్డు చేతికొస్తే డైవింగ్ వచ్చినట్టేనా?

సెలవులకి ఫ్లోరిడాకో, కాంకూన్‌కో వెళ్ళి స్కూబా డైవింగ్ కార్డు తెచ్చుకునే మిత్రులు మనలో చాలామందే. "పాడీ మంచిదా, నావీ మంచిదా?" అని నన్నడుగుతుంటారు. నా మటుకు అది జావానా, డాట్‌నెట్టా అన్న వాదన లాంటిదే. ప్రారంభ కోర్సుకి ఐఎస్ఓ 24801-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అసలు తేడా నేర్పేవారిలోనే.

పాడీ ఓపెన్ వాటర్ కోర్సులో నాలుగు డైవులు; బయటి నీళ్ళలో, సహాయకులు లేకపోతే, ఒక్కో శిక్షకుడికి ఎనిమిదిమందికి మించకూడదు. నీళ్ళు మసకగా ఉంటే ఆ సంఖ్య తగ్గించాల్సింది శిక్షకుడే. మాస్కులో చేరిన నీళ్ళు తీయడం ఇసుకలో మోకాళ్ళ మీద ఒక్కసారి చేస్తే ఫారంలో టిక్కు పడొచ్చు. కానీ నీళ్ళమధ్య నిలకడగా తేలుతూ చేయగలిగితేనే వచ్చినట్టు!

ఇక్కడ క్రాష్ అయితే రీబూట్ లేదండీ. 10 మీటర్ల లోతున పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపవుతుంది. బెదిరి, ఊపిరి బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తులు చిట్లి ప్రాణం మీదికి రావచ్చు.

అందుకే డబ్బు కట్టేముందు అడగండి: బ్యాచ్‌లో ఎంతమంది? తేలుతూ నేర్పుతారా? నాకు రాకపోతే మళ్ళీ చేయిస్తారా? "రెండ్రోజుల్లో కార్డు గ్యారంటీ" అన్నారో, ఓ దణ్ణం పెట్టి వచ్చేయండి.