గోడ చెమ్మకు మూలం స్నానాలగదిలోనే!

పెరట్లో తడికె చాటున స్నానాలు చేసే రోజులు పల్లెల్లో చాలావరకు పోయాయి. ఇంటింటా స్నానాలగదులు, కుళాయిలు, షవర్లు వచ్చాయి. వాటితోపాటే ఓ బెడదా వచ్చిపడింది. స్నానాలగది గోడకు అవతలివైపు చెమ్మ ఎక్కి పెచ్చులూడుతున్నాయి. ఆ గోడకు ఆనించి ధాన్యం బస్తాలు పేర్చిన రైతుకు అడుగు బస్తాలు బూజు పట్టాక గాని సంగతి తెలియడం లేదు. ఏటా సున్నాలు వేయించినా ప్రయోజనం ఉండదు. నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడమే అసలు పని.

కనిపెట్టడం ఎలా?

రాత్రి మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టేసి, మిద్దెపై ట్యాంకులో నీటిమట్టం వద్ద గుర్తు పెట్టాలి. తెల్లవారేసరికి మట్టం దిగితే గోడలోని గొట్టమో, ఏదో ఒక కుళాయో కారుతున్నట్లే. కుళాయిల కింద తడి లేకుంటే గొట్టాన్నే అనుమానించాలి. గోడ పగలగొట్టక తప్పదు గనుక ఆ పని తెలిసినవారికే అప్పగించాలి. మట్టం దిగకపోతే స్నానం చేసేటప్పుడే నీరు ఇంకుతున్నదన్నమాట. తొట్టి అంచు, గచ్చు సందులు, షవరు గొట్టం మొదలు చూడాలి.

బాగుచేసుకునే తీరు

తొట్టి, గోడ కలిసేచోట పాత సిమెంటు గీకి, కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తెల్ల సిమెంటు అక్కడ త్వరగా బీటలిస్తుంది. సాగే గుణమున్న సిలికాన్ ట్యూబు కొని సందు నింపి, ఒకరోజు నీరు తగలనీయకూడదు. షవరు గొట్టాన్ని విప్పి, మరలు శుభ్రం చేసి, బిగించే దిశలోనే టెఫ్లాన్ టేపు చుట్టి తిరిగి బిగించాలి. పాతరకం తిప్పుడు కుళాయి కట్టినా చుక్కలు పడుతుంటే లోపలి రబ్బరు వాషరు అరిగినట్టు. గేటు వాల్వు మూసి, కుళాయి పైభాగం విప్పి, అదే కొలత వాషరు వేస్తే సరిపోతుంది.

నష్టం చిన్నది కాదు

నిమిషానికి 100 మిల్లీలీటర్ల చొప్పున కారినా రోజుకు 144 లీటర్లు వృథా. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు నిర్ణయించినది 55 లీటర్లు. అంటే ఇద్దరికి పైగా మనుషుల వాటా కాలువ పాలవుతున్నది. ఊరి ట్యాంకు నీరు చివరి వీధికి అందడం లేదని బిందెలు పట్టుకొని నిలబడే ఆడవాళ్లకు ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు.

వాషరుకు అయ్యేది కొద్ది రూపాయలు, అరగంట పని. ఉపేక్షిస్తే గోడకు, గోడవతల గింజలకు చేటు. గృహస్థులు వానలు పడకముందే ఒకసారి తమ స్నానాలగది చూసుకోవడం మేలు.