వెనుక లైటు వెలుగుతోందా?
బల్బు మార్చే ముందు ‘ఎర్త్‌’ చూడండి

తిరుత్తణి: ముందు లైటు పోతే దారి కనబడక చోదకుడికి వెంటనే తెలిసిపోతుంది. వెనుక లైటు పోతే తెలిసేది వెనకొచ్చే లారీ డ్రైవరుకు.. అదీ ఆఖరి క్షణంలో! తిరువళ్లూరు, తిరుత్తణి, నగరి మీదుగా సాగే చెన్నై-తిరుపతి రహదారిలో రాత్రీపగలూ బండ్లు ఆగవు. ఆడికృత్తికకు, డిసెంబరు 31 రాత్రి మెట్ల పండుగకు సరిహద్దు అవతలి నుంచీ కార్లు కొండకు బారులు తీరతాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు దూసుకొస్తుంది. ముందున్న కారు బ్రేకు వేసిందని తెలియడం ఒక్క సెకను ఆలస్యమైనా అంత దూరం చేజారినట్టే.

లక్షణాన్ని బట్టే లోపం

లైటు రాలేదంటే చాలామంది ముందు బల్బు కొనేస్తారు. కొత్తదీ వెలగకపోతే తల పట్టుకుంటారు. నిజానికి లోపం ఎక్కడుందో లక్షణమే చెబుతుంది.

* ఒక వైపే రావట్లేదా: బల్బు తీసి చూడండి. గాజు నల్లబడినా, లోపలి తీగ తెగినా మార్చాలి. చాలా కార్లలో ఒకే బల్బులో రెండు తీగలుంటాయి. 5 వాట్లది టెయిల్‌ లైటుకు, 21 వాట్లది బ్రేకు లైటుకు. ఒకటి తెగినా రెండోది వెలుగుతుంది. కాబట్టి రెండూ విడివిడిగా పరీక్షించాలి.

* బ్రేకు లైట్లు రెండు వైపులా రావట్లేదా: రెండు బల్బులూ ఒకేసారి పోవడం అరుదు. ఫ్యూజు, బ్రేకు పెడలు దగ్గరి స్విచ్చి చూడాలి. కాలు తీసినా లైటు ఆరకపోతే అనుమానించాల్సింది ఆ స్విచ్చినే. వదిలేస్తే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది.

* ఇండికేటరు టకటకా కొట్టుకుంటోందా: ఆ వైపు ఒక బల్బు పోయి ఉండొచ్చు.

* బ్రేకు తొక్కితే పక్క లైట్లు మసగ్గా వెలుగుతున్నాయా: ఎర్త్‌ సరిగా లేదు. తిరిగి వెళ్లే దారి దొరకని కరెంటు పక్క బల్బులోంచి పోతోందన్నమాట.

చిలుము గీస్తే చాలు

వాన నీరు దిగిన హోల్డరులో పచ్చటి చిలుము పడుతుంది. ఉప్పుకాగితంతో గీకి, ఎర్త్‌ వైరు స్క్రూ బిగిస్తే చాలాసార్లు లైటు వచ్చేస్తుంది. అనుమానం ఉంటే హోల్డరు ఎర్త్‌ను వేరే వైరుతో కారు బాడీ ఇనుముకు తగిలించండి. వెలిగిందా, లోపం అక్కడే. ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వేయాలి. రాగి తీగ చుడితే వైర్లు కాలి మంటలు రావచ్చు. ఎల్‌ఈడీ లైట్లున్న చాలా కార్లలో ల్యాంపు మొత్తం మార్చాలి. ఖర్చుకు దిగే ముందు ఫ్యూజు, ఎర్త్‌ చూడటం మేలు.

నిబంధన ఇదీ..

1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 105వది ప్రకారం పొద్దుగూకిన అరగంట నుంచి సూర్యోదయానికి అరగంట ముందు వరకు లైట్లు వెలగాలి. వెనుక ఎర్రలైటు 155 మీటర్ల దూరానికి కనబడాలి.

బయల్దేరే ముందు ఇంజిను ఆపి ఉంచి, తాళం తిప్పి బ్రేకు తొక్కండి. ఇంట్లో ఒకరిని వెనక నిలబడి చూడమనండి. తోడెవరూ లేకుంటే చీకట్లో కారు వెనుక భాగం గోడకు దగ్గరగా పెట్టినా, గోడ మీద పడే ఎర్ర వెలుగు ఏ వైపు తగ్గిందో అద్దంలో చూస్తే తెలిసిపోతుంది.