కెంపుకు ఎరుపు ఎలా వచ్చింది?

కెంపుల కమ్మలంటే మనలో చాలామందికి ఇష్టం. కానీ ఎర్రగా మెరిసేదంతా కెంపు కాదు. ఎర్ర గాజు కూడా మెరుస్తుంది. గార్నెట్ అనే చవక రాయి కూడా మెరుస్తుంది. పైసా పైసా కూడబెట్టి గాజుముక్కకు కెంపు ధర ఇస్తే నష్టం ఎవరికి? మనకే. అందుకే కెంపు సంగతి తెలుసుకుందాం.

కెంపు దేనితో తయారైంది?

మన వంటింట్లో అల్యూమినియం గిన్నెలు ఉంటాయి. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు ఉంటుంది. అల్యూమినియం లోహం, ప్రాణవాయువు కలిసి భూమి లోపల గట్టి రాయిగా మారతాయి. ఆ రాయి పేరు కురువిందం. శుద్ధమైన కురువిందానికి రంగు ఉండదు.

ఈ రాయిలో కంటికి కనపడని రేణువులు ముగ్గు చుక్కల్లా వరుసగా ఉంటాయి. ఇలా వరుస తీరిన రాయిని స్ఫటికం అంటారు. గాజులో ఈ వరుస ఉండదు. చల్లిన గింజల్లా ఉంటాయి.

ఒక్కోసారి వరుసలో ఒక చుక్క మారుతుంది. అల్యూమినియం ఉండాల్సిన చోట క్రోమియం అనే లోహం చేరుతుంది. స్టీలు గిన్నెలు తుప్పు పట్టకుండా కాపాడేది ఈ క్రోమియమే. నూటికి ఒక చోట చేరినా చాలు, రాయి ఎర్రబడుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని స్ఫటికంలో లోపం అంటారు. ఆ లోపమే కెంపుకు అందం!

ఎలాగంటారా? ఎండలో అన్ని రంగులూ కలిసి ఉంటాయి. ఇంద్రధనుస్సులో వాటిని చూస్తాం కదా. కెంపులోని క్రోమియం ఆకుపచ్చ, పసుపు, ఊదా రంగుల్ని చాలావరకు మింగేస్తుంది. ఎరుపును వదిలేస్తుంది.

వెలుగుతో పరీక్ష

వెలుగు అలలాగా ఊగుతూ వస్తుంది. మామూలు వెలుగు నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా ఎటుపడితే అటు ఊగుతుంది. పోలరాయిడ్ రేకు ఒకే తీరున ఊగే వెలుగును పోనిస్తుంది. కిటికీ ఊచల మధ్య కర్రను నిలువుగా పెడితే దూరుతుంది, అడ్డంగా పెడితే దూరదు. ఇదీ అంతే. కొన్ని చలువ కళ్లద్దాల్లో ఈ రేకు ఉంటుంది.

ఆ రేకులోంచి కెంపును చూస్తూ రేకును మెల్లగా తిప్పాలి. ఒకసారి ఊదా కలిసిన ఎరుపు కనపడుతుంది. ఇంకోసారి నారింజ కలిసిన ఎరుపు కనపడుతుంది. ఎందుకని? క్రోమియం చుట్టూ ఉన్న వరుస అన్ని వైపులా ఒకేలా ఉండదు. అందుకని అది నిలువుగా ఊగే వెలుగును ఒకలా, అడ్డంగా ఊగే వెలుగును ఇంకోలా మింగుతుంది. గాజులో, గార్నెట్‌లో ఈ తేడా కనపడదు.

అయితే ఒక వైపు నుంచే చూసి తేల్చకూడదు. ఒక వైపు నుంచి చూస్తే అసలు కెంపులోనూ రంగు మారదు. రాయిని రెండు మూడు వైపుల నుంచి చూడాలి. నగలో బిగించిన రాయికి ఇది కష్టం.

ఇంకో మాట. 1902లో ఫ్రాన్సు శాస్త్రవేత్త వెర్నాయ్ కెంపును తయారుచేసే పద్ధతిని ప్రకటించాడు. తయారుచేసిన కెంపులోనూ క్రోమియం ఉంటుంది. రంగు అలాగే మారుతుంది. కానీ గనిలో దొరికిన మేలైన కెంపుకున్న ధర దానికి రాదు. ఈ తేడాను రత్నాల పరీక్ష కేంద్రంలోనే తేల్చాలి.

కాబట్టి ఖరీదైన రాయి కొనేటప్పుడు పరీక్ష పత్రం అడగండి. బిల్లులో బంగారం బరువు, రాళ్ల బరువు వేరువేరుగా రాయించండి. రాసింది మీరే చదవండి. ఇప్పుడు మనకు చదువు వచ్చు కదా!